చతురస్రాల నేల మీద ఒంటి వీధి ఊరు

కెనడాలోని మానిటోబా రాష్ట్రంలో, అమెరికా సరిహద్దుకు దగ్గరగా, ఆల్టోనా అనే చిన్న పట్టణానికి ఆగ్నేయంగా నోయ్‌బెర్గ్‌తాల్ అనే పల్లె ఉంది. ఊరంతా కలిపి ఒకే ఒక్క పొడుగాటి వీధి. వీధి పొడవునా కాటన్‌వుడ్ చెట్ల వరుసలు, వాటి వెనక కర్ర కంచెలు, కంచెల వెనక ఇల్లూ పశువుల కొట్టమూ ఒకదానికొకటి అతుక్కుని నిలిచిన పాత కట్టడాలు కనిపిస్తాయి. ఊరి పేరుకు అర్థం 'కొత్త కొండలోయ' అని. కానీ కనుచూపు మేరలో కొండ గానీ లోయ గానీ లేదు. వేల ఏళ్ల కిందట మంచు కరిగి ఏర్పడిన అగాసిజ్ అనే మహాసరస్సు ఎండిపోగా మిగిలిన అడుగునేల అది, పళ్లెంలా చదునుగా ఉంటుంది. ఆ పేరు ఈ నేలను చూసి పెట్టింది కాదు, వదిలి వచ్చిన నేలను తలచుకుని పెట్టింది.

గ్రామకంఠంలో ఇళ్లు, చుట్టూ పొలాలు, ఊరికి ఒక పక్క పశువులు మేసే బంజరు ఉండడం తెలుగువాళ్లకు పుట్టినప్పటి నుంచీ తెలిసిన అమరికే కనుక, పదీ ఇరవై కుటుంబాలు ఒక వీధిలో ఇళ్లు కట్టుకోవడంలో వివరించాల్సినంత చిక్కు ఏముందని అనిపించవచ్చు. చిక్కు ఆ దేశపు భూమి చట్టంలో ఉంది. 19వ శతాబ్దం చివర్లో కెనడా పడమటి మైదానాల్లో ఉచితంగా భూమి ఇచ్చిన చట్టం, ప్రతి కుటుంబానికీ విడివిడిగా ఒక చతురస్రాన్ని కొలిచి ఇచ్చి, ఆ చతురస్రం మీదే ఇల్లు కట్టుకుని కాపురముండాలని షరతు పెట్టింది. ఆ లెక్కన అక్కడ ఊళ్లు పుట్టకూడదు, అర మైలుకొకటి చొప్పున ఒంటరి ఇళ్లు మాత్రమే వెలవాలి. అయినా 1870ల్లో రష్యా సామ్రాజ్యం నుంచి వచ్చిన మెన్నోనైట్లు మానిటోబాలో వందకు పైగా వీధి ఊళ్లు కట్టారు. నోయ్‌బెర్గ్‌తాల్ వాటిలో ఒకటి, రూపు చెడకుండా నిలిచిన బహు కొద్దింటిలో ఒకటి. చట్టం విడదీసిన నేల మీద వాళ్లు కలిసి ఎలా బతికారు, ఆ కలయికను ఏది నిలబెట్టింది, చివరికి ఏది సడలించింది అన్నదే ఇక్కడ విప్పి చూడాల్సిన సంగతి. నా దృష్టిలో దానికి జవాబు వాళ్ల మతంలో ఎంత ఉందో, వాళ్లు తమలో తాము రాసుకున్న ఒక ఒప్పందంలోనూ అంతే ఉంది.

ముందు ఈ మనుషులెవరో క్లుప్తంగా చెప్పాలి. 1525 జనవరిలో స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్ నగరంలో కొందరు క్రైస్తవులు, పసిబిడ్డలకు ఇచ్చే బాప్తిస్మం చెల్లదనీ, ఊహ తెలిసి విశ్వసించిన పెద్దవాళ్లే బాప్తిస్మం పొందాలనీ తీర్మానించుకున్నారు. దానికి ప్రతిగా రాజ్యమూ చర్చీ కలిసి వాళ్లను వేటాడాయి. ఆ ఉద్యమంలోకి 1536లో వచ్చిన డచ్ మతగురువు మెన్నో సైమన్స్ పేరు మీదనే మెన్నోనైట్లు అన్న మాట పుట్టింది. ఆయుధం పట్టకపోవడం, ప్రమాణం చేయకపోవడం వాళ్లకు విశ్వాసపు మూలసూత్రాలు. నెదర్లాండ్స్ ప్రాంతం నుంచి పారిపోయి పోలండ్‌లో విస్తులా నది డెల్టాకు చేరి, అక్కడి చిత్తడి నేలల నీళ్లు తోడి సాగులోకి తెచ్చారు. వాళ్లు ఇళ్లల్లో మాట్లాడే ప్లాట్‌డీచ్ అనే లో జర్మన్ యాస ఆ డెల్టా నాటిదే.

రష్యా రాణి కేథరిన్ 1763 ప్రకటనతో విదేశీ రైతులను ఆహ్వానించిన తర్వాత, 1789లో మెన్నోనైట్ల తొలి జట్టు ఇప్పటి ఉక్రెయిన్‌లోని ద్నీపర్ నది ఒడ్డున ఖోర్తిత్సా కాలనీ స్థాపించింది. 1804లో మొలోచ్నా కాలనీ వెలిసింది. సైన్యంలో చేరనక్కర్లేదు, తమ బడులు తామే నడుపుకోవచ్చు, తమ ఊళ్లు తామే పాలించుకోవచ్చు అని వాళ్లకు హామీ దొరికింది. కుటుంబానికి 65 దెస్యతీనాలు, అంటే సుమారు 175 ఎకరాల భూమి ఇచ్చారు. కానీ ఆ భూమిని ముక్కలు చేయడానికి వీల్లేదు. తండ్రి కమతం ఒక్క కొడుక్కే దక్కితే మిగిలిన పిల్లలు ఏం చేయాలి? ఒకటి రెండు తరాలు గడిచేసరికి కాలనీల్లో సొంత సెంటు భూమి లేని కుటుంబాలు పెరిగిపోయాయి. సైన్యం గొడవ రాకముందే, నేల కరువు వాళ్ల ఊళ్లను లోపలి నుంచి తొలుస్తూ ఉంది. వలస చరిత్ర చెప్పేవాళ్లు చాలాసార్లు విశ్వాసం గురించే చెప్పి ఈ భూమి సంగతి దాటవేస్తారు. అది సగం కథే అవుతుంది.

ఖోర్తిత్సాలో భూమి లేనివాళ్ల కోసమే 1836లో మరియుపోల్ వైపు బెర్గ్‌తాల్ అనే కొత్త కాలనీ ఏర్పడింది. అందులో బెర్గ్‌తాల్, షోన్‌ఫెల్డ్, షోన్‌తాల్, హాయ్‌బోడెన్, ఫ్రీడ్రిక్స్‌తాల్ అని ఐదు ఊళ్లు. నలభై ఏళ్లు తిరక్కుండానే అక్కడా నేల చాలలేదు. సరిగ్గా ఆ సమయంలో, 1870ల ఆరంభంలో, రష్యా ప్రభుత్వం విదేశీ వలస రైతుల ప్రత్యేక హక్కులను రద్దు చేస్తున్నామనీ, అందరికీ సైనిక సేవ తప్పదనీ ప్రకటించింది. తర్వాత యుద్ధంలోకి కాకుండా అడవుల శాఖలో పని చేస్తే చాలునని సడలింపు ఇచ్చినా, బెర్గ్‌తాల్ సంఘపు పెద్ద గెర్హార్డ్ వీబె దానికి తలొగ్గలేదు. ఆయన సంఘం తీసుకున్న నిర్ణయం ఆశ్చర్యపరిచేది: కొందరు వెళ్లడం కాదు, కాలనీకి కాలనీ కదిలి వెళ్లాలి. భూమి ఉన్నవాళ్లూ లేనివాళ్లూ, వృద్ధులూ అప్పులవాళ్లూ అందరూ కలిసి, చేతిలో డబ్బు లేనివాడికి సంఘం చేయూత ఇస్తూ, 1874 నుంచి 1876 మధ్య దాదాపు 3,000 మంది బయలుదేరారు.

ఎక్కడికి వెళ్లాలో చూసి రావడానికి 1873లో పన్నెండు మంది ప్రతినిధులు ఉత్తర అమెరికాకు వెళ్లారు. వారిలో బెర్గ్‌తాల్ తరఫున వెళ్లినవారు యాకోబ్ పీటర్స్, హైన్రిక్ వీబె, కోర్నేలియస్ బూర్. కెనడా ప్రభుత్వ ప్రతినిధి విలియం హెస్పెలర్, అంటారియోలోని మెన్నోనైట్ పెద్ద జాకబ్ షాంట్జ్ వాళ్లకు దారి చూపించారు. మానిటోబా చలినీ దోమలనీ చూసి ఎక్కువమంది ప్రతినిధులు పెదవి విరిచి అమెరికా వైపు మొగ్గారు. కాన్సస్, నెబ్రాస్కా నేలలు మెరుగు, రైలు దగ్గర, వాతావరణం కాస్త మెత్తన. అయినా బెర్గ్‌తాల్‌వాళ్లు మానిటోబానే ఎంచుకోవడానికి కారణం ఒక ఉత్తరం. 1873 జూలై 23న కెనడా వ్యవసాయ శాఖ కార్యదర్శి జాన్ లోవ్ రాసిన ఆ ఉత్తరంలో సైనిక సేవ నుంచి పూర్తి మినహాయింపు, కుటుంబానికి 160 ఎకరాల ఉచిత భూమి, ప్రత్యేకంగా కేటాయించిన ఎనిమిది టౌన్‌షిప్పులు (ఒక్కోటి ఆరు మైళ్ల పొడవూ వెడల్పూ ఉన్న నేల), తమ బడులు తామే నడుపుకునే స్వేచ్ఛ అన్నీ ఉన్నాయి. జర్మనీలోని హాంబర్గ్ రేవు నుంచి మానిటోబాలోని ఫోర్ట్ గారీ (ఇప్పటి విన్నిపెగ్) దాకా పెద్దవాళ్లకు మనిషికి 30 డాలర్ల ఛార్జీ అని కూడా రాసి ఉంది. అమెరికా ప్రభుత్వం ఇలాంటి రాతపూర్వక హామీ ఏదీ ఇవ్వలేదు. బడుల విషయంలో మాత్రం ఆ ఉత్తరంలోని మాటకూ, తర్వాత మంత్రిమండలి ఆమోదించిన మాటకూ తేడా వచ్చింది. చట్టం అనుమతించినంత మేరకు అన్న ఒక చిన్న ముక్క మంత్రిమండలి ఆమోదంలో చేరింది. కెనడా రాజ్యాంగం ప్రకారం చదువు రాష్ట్రాల అధికారం. ఆ చిన్న ముక్క ఎంత ఖరీదైనదో తెలియడానికి నలభై ఏళ్లు పట్టింది.

ఇక్కడ ఆగి ఒక ప్రశ్న వేసుకోకపోతే ఈ వ్యాసం నిజాయితీగా ఉండదు. కెనడా ఉచితంగా ఇచ్చిన ఆ నేల ఎవరిది? అది అనిషినాబె ప్రజలూ, ఫ్రెంచ్, ఆదివాసీ రక్తసంబంధాల నుంచి పుట్టిన మేటిస్ ప్రజలూ తరతరాలుగా వేటాడి, గడ్డి కోసుకుని, బళ్లు తోలుకుంటూ బతికిన నేల. 1871 ఆగస్టు 3న ఒకటో ఒడంబడికతో ఆదివాసులను రిజర్వులకు పరిమితం చేశారు. 1870 మానిటోబా చట్టం మేటిస్ పిల్లలకు 14 లక్షల ఎకరాలు ఇస్తామని చెప్పి, ఏళ్ల తరబడి జాప్యం చేసింది. ఆ హామీని ప్రభుత్వం నిలబెట్టుకున్న తీరు సరైనది కాదని కెనడా సుప్రీంకోర్టు 2013లో తీర్పు చెప్పింది. అంటే ఒకరికి ఇచ్చిన మాట నానుతుండగానే ఇంకొకరికి టౌన్‌షిప్పుల లెక్కన భూమి కేటాయింపు జరిగిపోయింది. మెన్నోనైట్లు ఎవరినీ కొట్టి తరమలేదు, కత్తి పట్టడం వాళ్ల మతానికే విరుద్ధం. కానీ వాళ్లు అడుగుపెట్టే సరికి నేల 'ఖాళీగా' కనిపించడానికి అవసరమైన పనంతా రాజ్యం అప్పటికే చేసి పెట్టింది.

1874 వేసవిలో 'ఇంటర్నేషనల్' అనే పడవ తొలి జట్టును ఎర్ర నది మీదుగా తెచ్చి, ర్యాట్ నది కలిసే చోట దింపింది. ఒడ్డు నుంచి కొన్ని మైళ్ల దూరంలో షాంట్జ్ కట్టించిన పొడుగాటి పాకల్లో కుటుంబాలు తాత్కాలికంగా తలదాచుకున్నాయి. నదికి తూర్పున కేటాయించిన ఆ భూమిని తూర్పు రిజర్వు అనేవారు. అందులో చాలా భాగం నీళ్లు నిలిచే చిత్తడి, రాళ్ల గడ్డ. దానికి తోడు ఆ ఏళ్లలో మిడతల దండు పంటలను తినేసింది. అంటారియో మెన్నోనైట్ల పూచీకత్తు మీద ప్రభుత్వం దాదాపు 96 వేల డాలర్ల అప్పు ఇవ్వకపోతే ఆ చలికాలాలు దాటడం కష్టమయ్యేది. ఆ అప్పు 1892 నాటికి తీరిపోయింది. నదికి పడమట, సరిహద్దు వెంట ఉన్న 17 టౌన్‌షిప్పులను 1876లో పడమటి రిజర్వుగా ప్రకటించారు. అక్కడ చెట్టన్నది లేదు, కనుకనే ఇతర వలసదారులు సాగుకు పనికిరాదని వదిలేశారు. రష్యా స్టెప్పీల్లో దాదాపు తొంభై ఏళ్లు బతికిన మెన్నోనైట్లకు చెట్టు లేని మైదానం అలవాటే. మన నల్లరేగడిని తలపించే ఆ జిగట నల్లమట్టిని చూసి వాళ్లు దాని విలువ పట్టేశారు. నోయ్‌బెర్గ్‌తాల్ పుట్టింది ఈ పడమటి రిజర్వు తూర్పు అంచులోనే. కెనడా చారిత్రక స్థలాల పత్రాల్లో ఊరి స్థాపన సంవత్సరం 1876 అని ఉంది.

ఇప్పుడు భూమి చట్టం సంగతికి వద్దాం. 1872 నాటి డొమినియన్ భూముల చట్టం ప్రకారం మైదానమంతటినీ ఆరు మైళ్ల పొడవు, ఆరు మైళ్ల వెడల్పు ఉన్న టౌన్‌షిప్పులుగా గీశారు. ఒక్కో టౌన్‌షిప్పులో 36 సెక్షన్లు, ఒక్కో సెక్షన్ ఒక చదరపు మైలు, అంటే 640 ఎకరాలు. సెక్షన్‌లో పావు వంతు 160 ఎకరాలు. పది డాలర్ల రుసుము కట్టి ఎవరైనా ఆ పావు సెక్షన్‌ను తన పేర రాయించుకోవచ్చు. మూడేళ్లు అక్కడే కాపురముండి, సాగు చేస్తే పట్టా చేతికి వస్తుంది. గీతలు గీసిన సర్వేయరుకు వాగు ఎటు పారుతుందో, మెరక ఎక్కడుందో, ఎవరి చెల్లెలు ఎవరికి ఇచ్చారో అక్కర్లేదు. ఆ చట్టం దృష్టిలో రైతు అంటే ఒంటరి మనిషి.

బెర్గ్‌తాల్‌వాళ్లు ఆ గీతలను కాదనలేదు, చెరపలేదు. వాటి మీద తమ సొంత గీతలు గీసుకున్నారు. ఉదాహరణకు ఇరవై కుటుంబాలు కలిశాయనుకుందాం. భూమి ఆఫీసుకు వెళ్లి ఒకదాని పక్కన ఒకటిగా ఉన్న ఇరవై పావు సెక్షన్లను ఇరవై మంది పేర్ల మీద రాయిస్తారు. మొత్తం 3,200 ఎకరాలు, అంటే ఐదు చదరపు మైళ్లు. ఇంటికి వచ్చాక ఆ ఇరవై మందీ, కాగితం మీద ఎవరి పేరున్నా సరే, ఈ నేలంతా ఊరిదని తమలో తాము ఒప్పందం రాసుకుంటారు. దాని మధ్యలో మెరక చూసి సూటిగా ఒక వీధి గీస్తారు. వీధికి అటూ ఇటూ సన్నగా, పొడుగ్గా ఇళ్ల స్థలాలు పంచుతారు. ముందు ఇల్లు, వెనక కొట్టం, దాని వెనక పెరడు, తోట. మిగిలిన సాగు నేలను మట్టి మంచిచెడ్డలను బట్టి, ఊరికి దూరాన్ని బట్టి నాలుగైదు పెద్ద మడులుగా విడదీస్తారు. ప్రతి మడిలోనూ ప్రతి కుటుంబానికీ ఒక సన్నటి పట్టీ దక్కుతుంది. మంచి మట్టిలో ఒక పట్టీ, మధ్యరకంలో ఒకటి, నీళ్లు నిలిచే పల్లంలో ఒకటి, దూరాన ఒకటి. ఎవరికీ మొత్తం మంచి నేల దక్కదు, ఎవరికీ మొత్తం చవుడూ తగలదు. వర్షం ఎక్కువైన ఏడు పల్లం పోతే మెరక మిగులుతుంది. మిగతా నేల ఉమ్మడి మేతబీడు.

దీనివల్ల తలెత్తే చిక్కు వెంటనే కనిపిస్తుంది. పేతురు పేర పట్టా ఉన్న పావు సెక్షన్‌లో ఊరి పదకొండు మంది పట్టీలు ఉండొచ్చు. పేతురు ఇల్లు మాత్రం యోహాను పేర పట్టా ఉన్న చతురస్రంలో వీధి వెంట ఉండొచ్చు. చట్టం ప్రకారం పేతురు తన చతురస్రం మీద కాపురం లేడు కనుక అతనికి పట్టా రాకూడదు. దీనికి విరుగుడుగా 1876లో చట్టానికి ఒక సవరణ వచ్చింది. కలిసి పల్లెగా కాపురముండే వలసదారులకు, సొంత పావు సెక్షన్‌లోనే ఉండాలన్న షరతును మంత్రి సడలించవచ్చునని ఆ సవరణ చెప్పింది. గమనించాల్సింది ఏమిటంటే, ఆ సవరణ కలిసి ఉండే హక్కును గుర్తించింది గానీ కలిసి సొంతం చేసుకునే హక్కును గుర్తించలేదు. పట్టా వచ్చేది పేతురు ఒక్కడి పేరు మీదనే. రేపు పేతురు మనసు మారి, నా 160 ఎకరాలు నాకు ఇచ్చేయండి అంటే, ఊరి ఒప్పందం అతన్ని ఆపలేదు. ఊరి మనుగడ యావత్తూ, ఏ ఒక్కరూ ఆ మాట అనకపోవడం మీద ఆధారపడింది.

అలా అనకుండా ఆపే బలాలు వేరే ఉన్నాయి. భూమి ఉన్నవాళ్లంతా కూడి ఎన్నుకున్న ఊరి పెద్దను షుల్జ్ అనేవారు, మన పాత మునసబు లాంటివాడు. కంచెలు ఎవరు వేయాలి, బాట ఎవరు బాగు చేయాలి, బడిపంతులు జీతంలో ఎవరి వాటా ఎంత అన్నవి ఆయన సభలో తేలేవి. ఊరంతటికీ ఒక పశువుల కాపరి ఉండేవాడు. పొద్దున్నే అతను కొమ్ము ఊదుతూ వీధి ఈ చివర నుంచి ఆ చివరికి నడుస్తుంటే, ఒక్కో ఇంటి గేటు దగ్గర ఆవులు మందలో కలిసేవి. సాయంత్రం మంద తిరిగి వస్తుంటే ఏ ఆవు ఇంటి దగ్గర ఆ ఆవు తనంతట తాను విడిపోయి లోపలికి వెళ్లేది. ఇల్లు కాలిపోతే నష్టం పంచుకునే అగ్ని బీమా కూడా సంఘంలోనే ఉండేది.

వీటన్నిటికన్నా లోతైనది వారసత్వ పద్ధతి. రష్యా నుంచి తెచ్చుకున్న నియమాల ప్రకారం భార్యాభర్తల్లో ఒకరు చనిపోతే ఆస్తిలో సగం బతికున్నవారికి, మిగతా సగం పిల్లలకు. కొడుకులకూ కూతుళ్లకూ సమానంగా. పసిపిల్లల వాటాను అనాథల ఆఫీసు అనే సంఘ సంస్థ తన దగ్గర ఉంచుకుని, వడ్డీకి తిప్పి, వాళ్లు పెద్దయ్యాక అప్పగించేది. అది అలా ఊరి బ్యాంకు కూడా అయింది. వలస ఖర్చుకు డబ్బు లేని కుటుంబాలు గట్టెక్కడంలో దాని పాత్ర పెద్దది. కూతురికి వాటా ఉండడం వల్ల పెళ్లయిన కూతురూ అల్లుడూ అదే వీధిలో ఇల్లు కట్టుకోవడం మామూలైంది. రెండు తరాలు గడిచేసరికి వీధిలో ఏ ఇద్దరు పొరుగువాళ్లను తీసుకున్నా ఏదో ఒక వరస కలిసేది. నోయ్‌బెర్గ్‌తాల్‌ను స్థాపించిన కుటుంబాలే దగ్గరి బంధువులు. ఈ చుట్టరికం ఆ ఊరి ఆయుష్షును నిర్ణయించిందని నేను నమ్ముతాను.

తొలి చలికాలాలు ఎలా గడిచాయో దగ్గరగా చూస్తే ఈ వ్యవస్థ ఎంత అవసరమో తెలుస్తుంది. కలప లేదు, సున్నం లేదు. నేలను రెండు మూడు అడుగులు తవ్వి, పైన వాసాలు పరిచి, గడ్డీ మట్టిపెళ్లలూ కప్పి సెమ్లిన్ అనే గుంత ఇళ్లు కట్టుకున్నారు. రష్యన్‌లో నేల అన్న మాట నుంచి వచ్చిన పేరు అది. బయట సున్నా కింద ముప్ఫై డిగ్రీల చలి ఉంటే, లోపల మనుషులూ ఒక పక్కన పశువులూ ఒకరి వెచ్చదనాన్ని ఒకరు పంచుకుంటూ బతికారు. కట్టెలు లేని చోట పొయ్యిలోకి ఏం వేశారన్నది తెలుగు పల్లెల్లో పెరిగిన ఎవరైనా ఊహించగలరు. కొట్టంలో పోగైన పేడను గడ్డితో కలిపి పెరట్లో పరిచి, గుర్రాల చేత తొక్కించి, చదును చేసి, ఆరాక పారతో ఇటుకల్లా కోసి, ఎండబెట్టి, గోడలా పేర్చుకునేవారు. మన పిడకలే, కాకపోతే చేత్తో తట్టినవి కావు, పారతో కోసినవి.

కొన్నేళ్లకు చేతిలో డబ్బు ఆడి, నది వైపు నుంచి దుంగలు తెచ్చాక అసలైన ఇళ్లు లేచాయి. ఇల్లూ కొట్టమూ ఒకే వరుసలో అతికించి కట్టడం విస్తులా డెల్టా నాటి అలవాటు. ఇంటి నడిబొడ్డున పెద్ద ఇటుక పొయ్యి ఉంటుంది. దాని నాలుగు ముఖాలూ నాలుగు గదుల్లోకి తేలి ఉంటాయి కనుక, వంటగది వైపు నుంచి ఒక్కసారి పేడ ఇటుకలో గడ్డి కట్టలో వేసి మండిస్తే, గంటల తరబడి అన్ని గదులూ వెచ్చగా ఉంటాయి. అతిథులకు కేటాయించిన పెద్ద గది, పెద్దవాళ్లు పడుకునే మూల గది, వంటగది, వీటిని దాటి ఒక సన్నటి నడవ, నడవ చివర తలుపు తీస్తే ఆవుల శ్వాస మొహానికి తగులుతుంది. మంచు తుపానులో చేయి చాచితే చేయి కనబడని రాత్రి, పాలు పితకడానికి ఇల్లాలు గడప దాటి బయటికి వెళ్లనక్కర్లేదు.

మరి ఈ ఊళ్లు ఎందుకు చెదిరిపోయాయి? మొదటి దెబ్బ గోధుమ నుంచి వచ్చింది. 1880ల్లో రైలు వచ్చి, ధాన్యం దూరపు అంగళ్లకు పోయే దారి ఏర్పడ్డాక, పట్టీ పట్టీకి యంత్రాలు తిప్పుకుంటూ సాగు చేయడం నష్టంగా కనిపించింది. అప్పు ఇచ్చే షావుకారుకు తాకట్టు పెట్టాలంటే పట్టా పేరున్న చతురస్రమే కావాలి, ఊరి పట్టీలు పనికిరావు. మంచి పావు సెక్షన్ తన పేర ఉన్న రైతు ముందుగా కదిలాడు. ఒకరు బయటికి వెళితే ఆ చతురస్రంలో పట్టీలున్న మిగతావాళ్ల లెక్క అంతా మళ్లీ వేసుకోవాలి. ఇద్దరు ముగ్గురు వెళితే ఊరు ఊరుగా మిగలదు. పడమటి రిజర్వులోనే, ఖోర్తిత్సా నుంచి వచ్చిన పాత కాలనీ సంఘం, ఊరు విడిచి సొంత చతురస్రానికి వెళ్లినవాళ్లను సంఘం నుంచి వెలివేసేదాకా వెళ్లింది. బెర్గ్‌తాల్ సంఘం అంత కఠినంగా పోలేదు, అందుకే దాని ఊళ్లు త్వరగా కరిగిపోయాయి. అయినా చివరికి నిలిచిన కొద్ది ఊళ్లలో బెర్గ్‌తాల్‌వాళ్ల ఊరు ఒకటి కావడం గమనించదగ్గది. నోయ్‌బెర్గ్‌తాల్‌లోనూ ఉమ్మడి పట్టీల పద్ధతి పోయి ఎవరి నేల వారిదయింది. కానీ పొలం విడిపోయినా ఇల్లు విడిపోలేదు. పొలానికి బండి కట్టుకుని వెళ్లి, రాత్రికి అదే వీధికి తిరిగి వచ్చారు. తల్లి ఇల్లు, మేనమామ ఇల్లు, చెల్లెలి ఇల్లు పక్కపక్కనే ఉన్న వీధిని వదులుకోవడానికి వాళ్లకు మనసు ఒప్పలేదు.

ఇదే కాలంలో కాన్సస్‌లో మరోలా జరిగింది. 1874 వేసవిలోనే క్రిమియా నుంచి యాకోబ్ వీబె నాయకత్వంలో వచ్చిన క్రిమ్మర్ మెన్నోనైట్ బ్రదరన్ అనే మెన్నోనైట్ శాఖ కుటుంబాలు, మారియన్ కౌంటీలో శాంటా ఫే రైలు కంపెనీ నుంచి 12 సెక్షన్ల భూమి కొని, గ్నాడెనావ్ అనే వీధి ఊరు కట్టాయి. ఆ పేరుకు 'కృపా మైదానం' అని అర్థం. అక్కడ రిజర్వు లేదు, పల్లె కాపురానికి చట్టం ఇచ్చిన వెసులుబాటు లేదు, భూమి కొనుక్కున్న వ్యక్తిగత ఆస్తి. కొద్ది ఏళ్లలోనే కుటుంబాలు తమ తమ పొలాల మీదికి చెదిరిపోయాయి. ఊరు వీధిగా మిగలలేదు, సమీపంలో రైలు మార్గం మీద పుట్టిన హిల్స్‌బొరో పట్టణం ఆ ప్రాంతపు కేంద్రమైంది.

హిల్స్‌బొరో పేరు తెలంగాణలో చాలామందికి కొత్త కాదు. మెన్నోనైట్ బ్రదరన్ సంఘం 1860లో మొలోచ్నాలో, ఆ నేల కరువు ముదిరిన కాలంలోనే పుట్టింది. ఆ సంఘం తరఫున మొలోచ్నాలోని రూకెనావ్ ఊరి అబ్రహాం ఫ్రీజెన్, భార్య మరియాతో కలిసి 1889లో బయలుదేరి, 1890లో నల్లగొండ చేరాడు. అమెరికాలో స్థిరపడిన శాఖ 1899లో ఎన్. ఎన్. హీబర్ట్‌ను నిజాం రాజ్యానికి పంపింది. తర్వాత నాగర్‌కర్నూల్, దేవరకొండ, వనపర్తి, గద్వాల, శంషాబాద్, జడ్చర్లల్లో వెలిసిన ఎం.బి. (మెన్నోనైట్ బ్రదరన్) చర్చీలు, బడులు, ఆసుపత్రుల వెనక ఉన్న మిషన్ బోర్డు హిల్స్‌బొరోలో ఉండేది. మహబూబ్‌నగర్ ప్రాంతపు ఎం.బి. కుటుంబాల్లో మెన్నోనైట్ అన్న మాట ఇప్పటికీ ఇంటి మాటే. నోయ్‌బెర్గ్‌తాల్‌వాళ్లు ఈ శాఖకు చెందినవారు కాదు, వాళ్లు మిషన్లు పంపిన సంఘమూ కాదు. అయితే ఇద్దరినీ కదిలించిన వలస అల ఒకటే. 1874 నుంచి 1880 దాకా అమెరికాకు 10,000 మంది, మానిటోబాకు 7,000 మంది దాకా ఆ అలలోనే చేరారు.

మంత్రిమండలి ఆమోదంలో చేరిన ఆ చిన్న ముక్క 1916లో తన ప్రతాపం చూపించింది. మొదటి ప్రపంచ యుద్ధకాలపు మానిటోబా ప్రభుత్వం బడి హాజరును తప్పనిసరి చేసి, బోధన ఇంగ్లిష్‌లోనే జరగాలన్నది. జర్మన్‌లో బైబిలూ లెక్కలూ చెప్పే ఊరి బడులు మూతపడ్డాయి, పిల్లల్ని పంపని తల్లిదండ్రులకు జరిమానాలు పడ్డాయి, కోర్టుల్లో మెన్నోనైట్ల వాదన నిలవలేదు. పాత కాలనీ సంఘంలో వేలమంది 1922 నుంచి మెక్సికోకు, బెర్గ్‌తాల్ మూలాలున్న సంఘాల నుంచి మరికొందరు 1926, 1927లలో పరాగ్వేలోని చాకో ప్రాంతానికి తరలిపోయారు. వెళ్లినచోట మళ్లీ అదే వీధి గీశారు, అదే పాత ఊళ్ల పేర్లు పెట్టారు. నోయ్‌బెర్గ్‌తాల్‌లో ఎక్కువమంది ఇంగ్లిష్ బడిని ఒప్పుకుని ఉండిపోయారు.

1989లో కెనడా ప్రభుత్వం నోయ్‌బెర్గ్‌తాల్ వీధి ఊరిని జాతీయ చారిత్రక స్థలంగా గుర్తించింది. ఆ గుర్తింపులో చెప్పినది ఏ ఒక్క ఇంటి గొప్పతనమో కాదు. సన్నటి పొడుగాటి ఇళ్ల స్థలాల అమరిక, వీధి వరుస, కంచెలు, కాటన్‌వుడ్ చెట్లు, ఇల్లూ కొట్టమూ కలిసిన కట్టడాలు, ఇవన్నీ కలిసి ఉన్న తీరును గుర్తించారు. పాత కట్టడాల్లో ఒకదాన్ని సందర్శకుల కోసం బాగు చేశారు, ఇటుక పొయ్యి ఉన్న గదుల గుండా కొట్టంలోకి నడిచి వెళ్లవచ్చు. మిగతా ఇళ్లల్లో జనం కాపురాలుంటున్నారు. ఊరి చుట్టూ ఉన్న బాటలన్నీ ఇప్పటికీ సర్వేయరు గీసిన మైలు గీతల మీదే పోతాయి, వీధి మాత్రం ఆ ఇరుగుపొరుగు ఎంచుకున్న చోటనే ఉంది.